కొత్త కాపురములు – పంచాయతీ చేయవలసిన ఏర్పాట్లు

పుట్టిన ఊరిలోనే జీవితమంతయు గడపుట పూర్వకాలపు వాడుక. నేటి పరిస్థితి వేఱు. బదిలీపై వచ్చిన ఉపాధ్యాయుని కుటుంబము, ఇటుకబట్టీలలోను కోళ్ళ ఫారములలోను పని కొఱకు వచ్చిన కూలీలు, పట్టణము విడిచి సొంత భూమిని సాగుచేసికొన వచ్చినవారు, ఉద్యోగ విరమణానంతరము ఇల్లు కట్టుకొన్న వృద్ధ దంపతులు, జలాశయముల ముంపువలన ఊరు కోల్పోయి పునరావాస కాలనీలకు చేరినవారు – ఇట్లు అనేక విధములుగా కొత్త కుటుంబములు గ్రామములకు వచ్చి కాపురముండుచున్నవి.

వచ్చినవారికి కావలసినవి అందఱికిని కావలసినవే: త్రాగునీరు, దీపము, వంటకు గ్యాసు, రేషను బియ్యము, పిల్లలకు బడి, రోగమునకు వైద్యము. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క శాఖ అధీనములో ఉన్నవి. కొత్తగా వచ్చిన మనిషికి ఏ పనికి ఎవరిని అడుగవలెనో తెలియదు. అతడు మొట్టమొదట వచ్చి నిలబడునది పంచాయతీ కార్యాలయపు గుమ్మము ముందే. కావున ఆ గుమ్మమువద్ద సరియైన సమాధానము దొరకునట్లు చూచుట సభ్యుల కర్తవ్యము.

దాహము వేసిన పిమ్మట బావి త్రవ్వబూనుట వృథాశ్రమ. కొత్త ఇండ్లు లేచిన పిమ్మట నీరు చాలదని గుర్తించుట కూడ అట్టిదే. ఊరికి ఎన్ని కుటుంబములు రానున్నవో ముందుగా లెక్క వేసికొని, అందుకు తగిన ఏర్పాట్లు వరుసక్రమమున చేసినచో కొత్తవారికి సుఖము, పాతవారికి నష్టము లేకుండుట – రెండును సిద్ధించును. లెక్క తప్పినచోట కుళాయి దగ్గఱ జగడము పుట్టును. ఈ పాఠములోని ముఖ్యాంశము ఇదియే.

ఇది హక్కు, దయ కాదు

భారత రాజ్యాంగములోని 19వ అధికరణము దేశములో ఏ ప్రాంతమునందైనను నివసించుటకును, స్థిరపడుటకును పౌరునకు హక్కు నిచ్చినది. 15వ అధికరణము ప్రభుత్వ ధనముతో నిర్వహింపబడు బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రహదారులు వాడుకొనుటలో మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ఎవరికిని ఆటంకము కలిగింపరాదని శాసించుచున్నది. ఇందులో “జన్మస్థలము” అను మాటను సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. “ఇతడు మా ఊరివాడు కాడు” అను మాటకు ఊరి కుళాయివద్దగాని, ఊరి బాటపైగాని చోటు లేదు. కులమును బట్టి నీటిని నిరాకరించుట 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము కూడ అగును.

షెడ్యూల్డు ప్రాంతములలోని గ్రామములకు ఒక విశేషము కలదు. 1959 నాటి 1వ భూమి బదలాయింపు రెగ్యులేషను, 1970లో జరిగిన సవరణతో కలిపి, ఆ ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించుచున్నది. కావున అచ్చట కాపురమునకు వచ్చుట వేఱు, స్థలము కొనుట వేఱు. ఈ భేదమును వచ్చినవారికి మొదటనే తెలియజెప్పుట మంచిది. ఏ గ్రామమునందైనను ఇంటిపన్ను రసీదు పన్ను చెల్లించినందుకు సాక్ష్యమే కాని, స్థలముపై యాజమాన్య హక్కును తెలుపు పత్రము కాదని కూడ చెప్పవలెను.

ఇక పంచాయతీ అధికారము మాట. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పదునొకండవ షెడ్యూలులో 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్నది. త్రాగునీరు, గ్రామ విద్యుదీకరణ, విద్య, ఆరోగ్యము, పారిశుధ్యము, ప్రజాపంపిణీ వ్యవస్థ, ఉమ్మడి ఆస్తుల సంరక్షణ ఇవన్నియు అందులో ఉన్నవి. 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూగారు పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము చేసిన నాటి ఆశయమే ఈ సవరణతో రాజ్యాంగములో స్థానము పొందినది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము అమలులో ఉన్నవి.

మొదటి పని – ఒక్క పుట నమోదు

కొత్త కుటుంబము వచ్చిన వారములోపల పంచాయతీ కార్యదర్శి ఆ కుటుంబము పేర ఒక పుట వ్రాసికొనుట మిక్కిలి ఉపయోగకరము. అందులో ఇంటి సంఖ్య, కుటుంబములోని వారెందఱు, అయిదేండ్లలోపు పిల్లలెందఱు, బడియీడు పిల్లలెందఱు, గర్భిణులు, వృద్ధులు, వికలాంగులు ఉన్నారా, పశువులెన్ని, రేషను కార్డు ఏ ఊరిది, నీటి కుళాయి, మీటరు, మరుగుదొడ్డి ఉన్నవా అను వివరములు ఉండవలెను. ఆధార్ సంఖ్యలు మొదలగు సొంత వివరములను నోటీసు బోర్డుపై పెట్టరాదు.

ఈ పుటను చూచి వార్డు సభ్యుడు ఏ ఏ పనులు మిగిలియున్నవో గుర్తింపగలడు. ప్రతి పనికి ఎదురుగా దరఖాస్తు ఇచ్చిన తేదీ, పని పూర్తియైన తేదీ వ్రాయవలెను. రెండవ గడి నెలల తరబడి ఖాళీగా ఉన్నచో ఆ విషయమును పంచాయతీ సమావేశములో ప్రస్తావింపవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభింపబడినవి. మీసేవా కేంద్రములు 2011 నుండి సేవలందించుచున్నవి. దరఖాస్తులను ఎక్కడ దాఖలుచేసినను, రసీదు సంఖ్యను ఈ పుటలో వ్రాసికొన్నచో ఆ కాగితము దారి తప్పదు.

ఇంటికి సంఖ్య వేయించుట చిన్నపనిగా కనబడును. అయినను తపాలా బంట్రోతుకు, గ్యాసు తెచ్చువానికి, 108 వాహనపు డ్రైవరుకు దారి చూపునది ఆ సంఖ్యయే. కొత్త వీధికి ఒక పేరును, ప్రతి యింటికి ఒక సంఖ్యను ఇచ్చి, ఆ వివరమును బ్రాంచి పోస్టుమాస్టరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

నీరు – ముందు లెక్క, తరువాత కుళాయి

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన పథకము గ్రామములలో మనిషికి రోజునకు 55 లీటర్ల నీరు కుళాయిద్వారా అందవలెనని ప్రమాణము నిర్ణయించినది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గ్రామీణులకు మనిషికి 100 లీటర్ల చొప్పున రూపొందింపబడినది. మనము తక్కువ ప్రమాణమునే తీసికొని ఒక లెక్క వేయుదము.

ఒక గ్రామములో 150 ఇండ్లు ఉన్నవనుకొనుడు. ఇంటికి నలుగురు చొప్పున 600 మంది. వారికి రోజునకు కావలసిన నీరు 33,000 లీటర్లు. ఎత్తైన ట్యాంకులో 40,000 లీటర్లు పట్టును. దినమున కొకమాఱు నింపినచో చాలుచున్నది. ఇంతలో ఊరి చివర 60 కొత్త ఇండ్లు వెలసినవి. అనగా 240 మంది. వారికి 13,200 లీటర్లు. మొత్తము అవసరము 46,200 లీటర్లకు పెరిగినది. ట్యాంకు పరిమాణము మాత్రము పెరుగలేదు. రోజునకు 6,200 లీటర్ల కొఱత ఏర్పడినది.

ఈ కొఱతను అందఱును సమానముగా పంచుకొన్నచో మనిషికి 47 లీటర్లకు పైగా దొరకును, పెద్ద బాధ ఉండదు. కాని గొట్టములోని నీటికి న్యాయాన్యాయములు తెలియవు. పల్లమునందలి ఇండ్లు, ట్యాంకుకు దగ్గఱగా ఉన్న ఇండ్లు ఎప్పటివలెనే నిండుగా పట్టుకొనును. కొఱత అంతయు మెరకపైన ఉన్నవారి మీదను, చివరి కుళాయిల మీదను పడును. అక్కడి స్త్రీలు తెల్లవారుజామున బిందెలు పట్టుకొని పొలములలోని మోటారు బావులకు నడువవలసివచ్చును. వారిలో సగముమంది పాత ఊరివారే కావచ్చును. “కొత్తవారు వచ్చి మన నీరు తీసికొనిపోయిరి” అను మాట అప్పుడు పుట్టును. తప్పు కొత్తవారిది కాదు. లెక్క వేయకుండ కుళాయి లిచ్చుట వలన వచ్చిన అనర్థ మది.

దీనికి నివారణ ఏమి? పంపు గంటకు 10,000 లీటర్లు తోడుచున్నదనుకొనుడు. కొత్త ఇండ్లకు కావలసిన 13,200 లీటర్లకై పంపును రోజునకు అదనముగా ఒక గంట ఇరువది నిమిషములు నడుపవలెను. ఏడున్నర అశ్వశక్తి మోటారైనచో అందులకగు విద్యుత్తు రోజునకు సుమారు ఏడెనిమిది యూనిట్లు. ట్యాంకును ఉదయమొకసారి, సాయంత్రమొకసారి నింపి, వాల్వుల సాయముతో ఊరిని రెండు భాగములుచేసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క వేళ నీరు వదలినచో కొత్త ట్యాంకు కట్టకయే పని జరుగును. అయితే బోరుబావి అంత నీటిని వేసవియందును ఇయ్యగలదా అని పరీక్షింపవలెను. ఇయ్యలేనిచో గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు ముందుగానే వ్రాయవలెను. వైశాఖమాసములో వ్రాసినచో ఆ యెండలకు ఫలము దక్కదు, మాఘమాసములోనే వ్రాయవలెను.

మఱొక జాగ్రత్త. కొత్తగా కుళాయి పెట్టించుకొన్నవారిలో కొందఱు గొట్టమునకు నేరుగా మోటారు తగిలింతురు. ఇది ఇరుగుపొరుగు నీటిని లాగికొనుటయే గాక, గొట్టము చుట్టునున్న మురుగును పగుళ్ళద్వారా లోపలికి పీల్చును. దీనిని పంచాయతీ కఠినముగా నిషేధింపవలెను.

నీటి శుభ్రత

కొత్త కాలనీకి వేసిన బోరునీటిని పరీక్ష చేయింపకుండ త్రాగుటకు ఇయ్యరాదు. మన ప్రాంతములకు ఫ్లోరైడు బాధ కొత్తది కాదు. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి గుర్తింపబడినది. నల్లగొండ జిల్లాలో కొన్ని తరములవారు వంకరపోయిన కాళ్ళతో, బిగిసిన వెన్నులతో జీవించిరి. భారత ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వఱకు ఉండవచ్చును; వేఱు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. నీటిని కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు ఇంకను పెరుగును. కావున బోరు ఎంత లోతైనదైనను, నీరు ఎంత తేటగా కనబడినను, పరీక్ష తప్పనిసరి. జల జీవన పథకములో ప్రతి గ్రామమునందును అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షపెట్టె వాడుటలో శిక్షణ ఇయ్యవలెనని ఏర్పాటు కలదు. ఆ శిక్షణ పొందినవారితో కొత్త బోరునీటిని పరీక్ష చేయించి, అనుమానమున్నచో ప్రయోగశాలకు పంపవలెను.

సూక్ష్మజీవుల నివారణకు బ్లీచింగు పొడి వాడుదురు. మంచి రకపు పొడి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలును. అనగా 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో వేయరాదు. బకెటులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మఱికొంత నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను. తరువాత అరగంటయైనను ఆగి నీరు వదలవలెను. సంచి విప్పి తేమలో ఉంచిన పొడికి బలము తగ్గును. మందు సరిపోయినదో లేదో చివరి ఇంటి కుళాయివద్ద పరీక్షించి చూడవలెను. అచ్చట లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియుండవలెను. ట్యాంకు క్రింది కుళాయివద్ద పరీక్షించి తృప్తిపడుట పొరపాటు.

మరుగుదొడ్డి, మురుగునీరు

కొత్త ఇంటివారు తొందరలో మరుగుదొడ్డి గొయ్యిని మంచినీటి బోరు ప్రక్కనే త్రవ్వుట కలదు. బావికిని, అట్టి గోతికిని నడుమ కనీసము 15 మీటర్ల దూరముండుట క్షేమము. ఇంటి నిర్మాణమునకు అనుమతి ఇచ్చునప్పుడే నక్షాపై ఈ దూరమును చూచికొన్నచో తరువాత పూడ్చి మఱల త్రవ్వవలసిన అవసరముండదు. పొరుగువాని బావి ఎచ్చట నున్నదో కూడ అప్పుడే చూడవలెను.

రెండు గోతుల మరుగుదొడ్డి గ్రామములకు అనుకూలమైనది. ఒక గొయ్యి నిండినపుడు దానిని మూసి రెండవదానిని వాడుదురు. మొదటిదానిని ఒకటిన్నర, రెండు సంవత్సరములు కదపకుండ వదలినచో అందలి పదార్థము ఎరువుగా మారును. దానిని పొలమునకు తీసికొనిపోవచ్చును. తాజా గోతిలోనికి మనిషిని దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము, ప్రాణాపాయకరము కూడ.

వంటింటి నీరు, స్నానపు నీరు వీధిలోనికి వదలక ఇంకుడుగుంటలోనికి మళ్ళింపవలెను. కొత్త వీధిలో కాలువ వేయుటకు ముందు దాని చివర ఎచ్చట కలియునో నిర్ణయింపవలెను. చివర తెలియని కాలువ దోమల చెఱువగును.

విద్యుత్తు

2003 నాటి విద్యుత్ చట్టములోని 43వ సెక్షను ప్రకారము ఇంటి యజమానియే గాక, అందు కాపురమున్నవాడు కూడ విద్యుత్తు కొఱకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వినియోగదారుల హక్కుల నియమములు 2020లో వెలువడినవి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ ప్రకారము, గ్రామములలో అన్ని పత్రములతో దరఖాస్తు అందిన 15 దినములలో కొత్త కనెక్షను ఇయ్యవలెను. కొండ ప్రాంతపు గ్రామములలో 30 దినములు. కొత్త లైను లాగవలసియున్నచో అదనపు కాలము పట్టును. ఆలస్యమైనచో ముందు వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆ పిమ్మట విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. విద్యుత్ ఫిర్యాదులకు 1912 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

ఇచ్చటను నీటి లెక్కవంటి లెక్కయే వర్తించును. పాత ట్రాన్స్‌ఫార్మరుపైననే అరువది కొత్త మీటర్లు తగిలించినచో సాయంకాలము దీపములు మినుకుమినుకుమనును, పంకాలు తిరుగవు, చివరకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఊరంతయు చీకటియగును. కావున ఎన్ని ఇండ్లు రానున్నవో సెక్షను ఇంజనీరుకు పంచాయతీ తీర్మానముతో ముందుగా తెలియజేయవలెను.

మీటరు వచ్చులోపల తీగకు కొక్కెములు తగిలించి దీపము వెలిగించుకొనుట అచ్చటచ్చట కనబడుచున్నది. ఇది చట్టరీత్యా దొంగతనము. దండన మాట అటుంచి, తడిసిన మట్టిగోడ, తెగిన తీగ కలిసి ఒక పసిప్రాణమును తీసికొనవచ్చును. పదునైదు దినములలో మీటరు పొందుటకు హక్కున్నదని తెలిసిన మనిషి ఆ పనికి పూనుకొనడు. తెలియజెప్పవలసినవారు మనమే. ప్రతి కొత్త ఇంటికి సరియైన ఎర్తు ఉన్నదో లేదో లైనుమనుచేత చూపించుట కూడ ముఖ్యము.

బియ్యము, గ్యాసు, ఓటు

రేషను కార్డు పాత ఊరి చిరునామాతో ఉన్నందున కొత్త ఊరిలో బియ్యము దొరకదని చాలమంది అనుకొందురు. ఇది నిజము కాదు. జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద ఇయ్యబడిన కార్డుపై దేశమునందలి ఏ చౌకధరల దుకాణములోనైనను వ్రేలిముద్ర వేసి ధాన్యము పొందవచ్చును. ఈ ఏర్పాటు 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నడుమ, గుజరాత్, మహారాష్ట్రల నడుమ మొదట ప్రారంభమై, 2022 నాటికి దేశమంతట వ్యాపించినది. రాష్ట్ర ప్రభుత్వము తన సొంత పథకముపై ఇచ్చిన కార్డులకు మాత్రము ఇతర రాష్ట్రములలో ఈ సౌకర్యము లేదు. కావున కొత్తగా వచ్చిన కూలివానిని దుకాణదారుడు తిరుగగొట్టినచో సభ్యుడు జోక్యము కలిగించుకొనవలెను. చిరునామా మార్పు దరఖాస్తు నెమ్మదిగా నడచినను, అంతవఱకు పిల్లలు పస్తుండనక్కరలేదు.

వంటగ్యాసు కనెక్షనును పాత పంపిణీదారునినుండి కొత్త ప్రాంతపు పంపిణీదారునికి మార్పించుకొనవలెను. గ్యాసు కారుచున్నట్లు వాసన వచ్చినచో దీపము స్విచ్చిని తాకక, తలుపులు తెఱచి, 1906 సంఖ్యకు ఫిర్యాదు చేయవలెనని ప్రతి ఇంటికి తెలుపవలెను.

ఓటు హక్కు విషయములో నివాసము మారినవారు 8వ నంబరు ఫారమును, మొదటిసారి చేరువారు 6వ నంబరు ఫారమును దాఖలు చేయవలెను. ఒక వ్యక్తి పేరు రెండుచోట్ల ఉండుట చట్టవిరుద్ధము. కొత్తవారు ఏ పక్షమునకు ఓటు వేయుదురోనను తలంపుతో వారి నమోదుకు తోడ్పడకుండుట గాని, అత్యుత్సాహము చూపుట గాని పంచాయతీకి తగదు.

పిల్లలు, తల్లులు

పెద్దలు ఒక నెల ఆగగలరు. పిల్లల విషయములో ఒక నెల ఆలస్యము ఒక సంవత్సరపు నష్టముగా పరిణమించును. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. బదిలీ పత్రము రాలేదని గాని, వయస్సు ధ్రువపత్రము లేదని గాని, సంవత్సరము మధ్యలో వచ్చినాడని గాని ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డకు బడిలో ప్రవేశము నిరాకరింపరాదు. వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. ఇటుకబట్టీలకు వచ్చిన కుటుంబములు తఱచు పంటకాలము ముగిసిన పిమ్మట, అనగా బడి సంవత్సరము నడుమ వచ్చును. వారి పిల్లలను ప్రధానోపాధ్యాయునివద్దకు తీసికొనిపోవుటకు వార్డు సభ్యుడు ఒక పూట వెచ్చించినచో ఆ పిల్లలకు ఆ యేడు దక్కును. ఒడిశానుండి వచ్చిన పిల్లవానికి తెలుగు అక్షరములు రాకపోవుట కూడ ప్రవేశమునకు అడ్డు కాదు.

అయిదేండ్లలోపు బిడ్డలను, గర్భిణులను, బాలింతలను అంగన్‌వాడీ కార్యకర్తకు మొదటి వారములోనే చూపింపవలెను. తల్లీబిడ్డల రక్షణ కార్డును తప్పక వెంట తెచ్చుకొమ్మని చెప్పవలెను. అది ఉన్నచో ఏ టీకా పడినదో, ఏది మిగిలినదో ఆరోగ్య కార్యకర్త క్షణములో గ్రహించును. క్షయ, మధుమేహము, రక్తపు పోటు వంటి వ్యాధులకు మందులు వాడువారిని ఆశా కార్యకర్త వెంటనే గుర్తింపవలెను. ఊరు మారినందున మందు తప్పుట, ముఖ్యముగా క్షయ విషయములో, రోగికిని ఇరుగుపొరుగుకును ప్రమాదము. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనసేవ నేడు అందఱికిని పరిచితమే. అయినను వాహనము కొత్త వీధిలోనికి తిరుగుటకు తగిన బాట ఉన్నదా అని పంచాయతీ ఒకసారి స్వయముగా చూడవలెను.

పునరావాస కాలనీలు

ఒకటి రెండు కుటుంబములు వచ్చుట ఒక తీరు. ఊరికి ఊరే తరలివచ్చుట మఱొక తీరు. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణా, తుంగభద్రా తీరములయందలి అనేక గ్రామములు నీట మునిగినవి. ఇటీవల పోలవరము ముంపు గ్రామములవారు కాలనీలకు తరలిరి; మల్లన్నసాగరు ముంపు గ్రామములవారు గజ్వేలు చెంత ముట్రాజుపల్లి కాలనీకి వచ్చిరి. ఇట్టివారు ఊరికి భూములను, దేవళమును, తాతముత్తాతల సమాధులను విడిచివచ్చినవారు. వారిని పరాయివారుగా చూచుట ధర్మము కాదు.

2014 జనవరి 1న అమలులోనికి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టపు మూడవ షెడ్యూలు అట్టి కాలనీలలో ఉండవలసిన సౌకర్యములను వరుసగా పేర్కొన్నది. బాటలు, మురుగు కాలువలు, మనుష్యులకును పశువులకును త్రాగునీరు, మేత బీడు, చౌకధరల దుకాణము, పంచాయతీ భవనము, తపాలా కార్యాలయము, శ్మశానము, ఇంటింటికి విద్యుత్తు, అంగన్‌వాడీ, బడి, ఆరోగ్య ఉపకేంద్రము, ఆటస్థలము, పశువైద్యము ఇందులో ఉన్నవి. శ్మశానము, మేత బీడు అను రెండింటిని సాధారణముగా అందఱును మఱచెదరు. మొదటి మరణము సంభవించిన దినమున “ఎచ్చటికి తీసికొనిపోవలెను?” అను ప్రశ్న లేచును. ఆ దుఃఖసమయములో రెండు ఊళ్ళు వాదులాడుకొనుట కంటె, ముందే స్థలము గుర్తించి సరిహద్దు రాళ్ళు నాటించుట మానవధర్మము.

కాలనీని నిర్మించిన శాఖనుండి పంచాయతీ దానిని తన అధీనములోనికి తీసికొనునపుడు తాళపుచెవులు మాత్రమే తీసికొనరాదు. నీటి గొట్టములు ఎచ్చట పోవుచున్నవో తెలుపు నక్షా, వాల్వుల జాబితా, బోరు లోతు, నీటి పరీక్ష ఫలితము, వీధిదీపముల మీటర్ల సంఖ్యలు, బాటల కొలతలు అన్నియు సంతకములతో తీసికొని భద్రపఱచవలెను. నక్షా లేని గొట్టము పగిలినపుడు వీధి అంతయు త్రవ్వవలసివచ్చును.

ఖర్చు, గ్రామసభ

ఇన్ని పనులకు ధనమెక్కడిదని సభ్యులు అడుగవచ్చును. 2021–26 కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము పంచాయతీల గ్రాంటులలో 60 శాతమును త్రాగునీరు, పారిశుధ్యములకే కేటాయించుటనుబట్టి ఈ పనుల ప్రాముఖ్యము తెలియుచున్నది. ఇందుకు తోడు కొత్త ఇల్లు కొత్త పన్నును కూడ తెచ్చును. నమోదు పుట సక్రమముగా ఉన్నచో ఇంటిపన్ను, నీటి రుసుము మొదటి సంవత్సరమునుండియే వసూలగును. సౌకర్యము కలిగించి పన్ను అడిగినచో జనులు సంతోషముగా చెల్లింతురు. చుక్కనీరు ఇయ్యక పన్ను అడుగుట మాత్రము పంచాయతీకి గౌరవము కాదు.

లెక్కలన్నియు గ్రామసభ యెదుట చదివి వినిపింపవలెను. ట్యాంకులో పట్టు నీరెంత, కావలసినదెంత, పంపు ఎన్ని గంటలు నడచుచున్నది అను విషయములు పాతవారికిని కొత్తవారికిని ఒకేచోట తెలిసినచో అనుమానములకు చోటుండదు. ఆ సభకు కొత్త కుటుంబములనుండి స్త్రీలను ప్రత్యేకముగా పిలువవలెను. నీటి బిందె మోయువారికే నీటి కష్టము బాగుగా తెలియును.

ఊరు పెరుగుట శుభము. బడిలో పిల్లలు పెరుగుదురు, అంగడి సాగును, పొలములకు చేతులు దొరకును. ఆ శుభము కలహముగా మారకుండ కాపాడు సాధనములు రెండు: ముందుగా వేసికొన్న లెక్క, గుమ్మమువద్ద ఆదరముతో చెప్పిన సమాధానము. ఈ రెండును ప్రతి పంచాయతీకి అందుబాటులోనివే.

సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. గత సంవత్సరములో మన గ్రామమునకు ఎన్ని కుటుంబములు కొత్తగా వచ్చినవి? వారి వివరములు ఎచ్చట వ్రాయబడియున్నవి?

2. మన ట్యాంకులో ఎన్ని లీటర్ల నీరు పట్టును? మనిషికి 55 లీటర్ల చొప్పున నేటి జనాభాకు ఎంత కావలెను?

3. చివరి ఇంటి కుళాయివద్ద క్లోరిన్ పరీక్ష కడపట ఏనాడు జరిగినది?

4. కొత్త వీధులలో బడికి పోని పిల్లలెందఱు? వారిని చేర్పించు బాధ్యతను ఏ సభ్యుడు స్వీకరించును?

5. రానున్న రెండు సంవత్సరములలో ఎన్ని ఇండ్లు కట్టబడునని అంచనా? ఆ విషయమును విద్యుత్, నీటి సరఫరా ఇంజనీర్లకు తెలిపితిమా?

6. కొత్తగా వచ్చినవారికి శ్మశానము, పశువుల మేతస్థలము ఎచ్చట?